బంగారం పడని కోడలు

నాకు బంగారం పడదని మా బంధువుల్లో తెలియనివాళ్ళు లేరు. ప్రొద్దుటూరులో ఏ పెళ్ళికి పోయినా, నన్ను చూడగానే ఎవరో ఒకరు పక్కవాళ్ళ చెవిలో ఆ మాట వేస్తారు. పక్కవాళ్ళు వెంటనే నా మెడ వైపు చూస్తారు. అక్కడ పసుపుతాడు తప్ప ఏమీ ఉండదు. చుట్టుపక్కల జిల్లాల వాళ్ళంతా బంగారం కొనడానికి వచ్చే ఊళ్ళో, బంగారం పడని ఆడమనిషి అంటే వింతే కదా. అయ్యో అంటారు. ఆ అయ్యోను నేను చేతులారా తెచ్చుకున్నాను. ఎట్లా తెచ్చుకున్నానో మొన్నమొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మాది పులివెందులలో గుడ్డల అంగడి. నేను పెద్దకోడలిని, పుట్టిల్లు జమ్మలమడుగు. నా పెళ్ళయిన నాలుగేళ్ళకు మరిదికి ప్రొద్దుటూరు పిల్లను తెచ్చారు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. మా అత్త ఒక కట్టుబాటు పెట్టింది. అసలు బంగారం బ్యాంకు లాకరులో ఉండాలి, పెళ్ళిళ్ళకే బయటికి రావాలి. మామూలు రోజుల్లో కోడళ్ళ మెడల్లో రోల్డుగోల్డు. బైకుల మీద వచ్చి గొలుసులు తెంపుకుపోయేవాళ్ళ కథలు ఆమె దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. తాను మాత్రం రెండుపేటల గొలుసు తీసేది కాదు. ముసలిదాని మెడ ఎవరు చూస్తారు అనేది.

నేను చూసేదాన్ని. నాలుగేళ్ళు రోజూ చూశాను. ఆమె మోకాళ్ళకు నూనె రాస్తూ చూశాను, తల దువ్వుతూ చూశాను. ఎప్పటికైనా ఆ గొలుసు పెద్దకోడలికి రాక ఎవరికి పోతుందిలే అని నా ధీమా.

చిన్నకోడలు కాపురానికి వచ్చి రెండు నెలలు తిరగకముందే దాని మెడ చుట్టూ ఎర్రగా దద్దు లేచింది. చెవితమ్మెలు చీము పట్టాయి. చేతి గడియారం తీస్తే మణికట్టు మీద గడియారమంత మేర గుండ్రంగా దురద. చీరకు పిన్నీసు గుచ్చుకునే చోట కూడా పొక్కులే. అత్త స్వయంగా వెంటబెట్టుకుని ప్రొద్దుటూరులో చర్మం డాక్టరమ్మకు చూపించింది. నికెల్ అనే లోహం దాని ఒంటికి పడదట. రోల్డుగోల్డులో, పిన్నీసుల్లో అది ఉంటుందట. ఇక ఎప్పుడూ ఒంటికి తగలనీయకూడదట. మంచి బంగారమైతే ఫరవాలేదట.

సాయంత్రం ఇద్దరూ బస్సు దిగి ఇంటికి వచ్చారు. నేను మంచినీళ్ళు తెచ్చేలోపలే అత్త తన మెడలో గొలుసు తీసి దాని మెడలో వేసేసింది. రేపు లాకరు తెరిపిద్దామని కూడా ఆగలేదు. నేను చెంబు పట్టుకుని గడపలోనే నిలబడిపోయాను.

"సల్లగ ఉండాదా మే?" అని అడిగింది దాన్ని.

నన్ను నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అలా అడిగిన పాపాన పోలేదు.

ఆ రోజు నుంచి నా కడుపుమంట ఇంతా అంతా కాదు. చిన్నది ముగ్గు వేయడానికి వంగితే గొలుసు ముందుకు జారేది. దాన్ని అది మోచేత్తో వెనక్కు నెట్టుకునేది, ఏదో అడ్డమైనట్టు. నా రెండు కళ్ళూ అక్కడే. అది చెడ్డదైనా బాగుండేది, నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని. నా పనిలో సగం లాక్కుని చేసేది, నా కొడుక్కు అన్నం తినిపించేది, అక్కా అక్కా అని వెంట తిరిగేది. అలాంటిదాన్ని చూసి ఓర్వలేకపోవడం మరీ కష్టం.

ఇక నా చర్మం సంగతి. చిన్నప్పుడు కందిరీగలు మూకుమ్మడిగా కుట్టినా పొద్దు గూకేసరికి వాపు దిగేది. పిల్లులను పక్కలో వేసుకుని పడుకున్నా ఒక తుమ్ము రాలేదు. ఏ సబ్బైనా, ఏ రంగైనా, ఏ గడ్డి అయినా నాకు ఒకటే. అప్పటిదాకా అది నా అదృష్టమనుకున్నాను. ఏదీ పడకపోవడమంటూ లేని ఒళ్ళు ఉంటే ఎవరూ మన వైపు చూడరని అప్పుడు తెలిసింది.

ముందు గోళ్ళతో మెడ రక్కుకున్నాను. నాకు కూడా దురదగా ఉందత్తా అన్నాను. వేపాకు నూరి పూసుకోమంది. చిన్నదానికి డాక్టరు, గొలుసు. నాకు వేపాకు. ఆ మాటతో నాకు తిక్క రేగింది.

అంగడి గుమ్మానికి దిష్టికి కట్టడానికని తెచ్చిన నల్లజీడి గింజలు ఇంట్లో మిగిలి ఉన్నాయి. చిన్నప్పుడు జమ్మలమడుగులో మా బట్టలు ఉతికే ఆమె ఆ గింజలో సూది గుచ్చి, ఆ రసంతో ఏ ఇంటి బట్టకు ఆ ఇంటి గుర్తు పెట్టేది. చేత్తో ముట్టుకోవద్దు, దద్దు లేస్తుంది అని మమ్మల్ని అదిలించేది. నాకు ఆ ఒక్క మాట బాగా గుర్తుండిపోయింది. ఒక మధ్యాహ్నం అందరూ అంగట్లో ఉండగా, గింజలో పిన్నీసు గుచ్చి, గొలుసు ఆనే చోటంతా మెడ చుట్టూ సన్నగా గీసుకున్నాను.

సాయంత్రానికి ఏమీ లేదు. మర్నాడు పొద్దున అద్దంలో చూసుకుంటే గీత నల్లగా కనబడుతోంది గానీ పొక్కన్నది లేదు. నా ఖర్మ, జీడి కూడా లెక్కచేయని తోలు ఇచ్చాడు దేవుడు అనుకుని, ఈసారి ధారాళంగా పూశాను. జీడి నిదానంగా పనిచేస్తుందని నాకేం తెలుసు?

మూడో రోజు మొదలైంది. పొద్దున ఉలవగింజలంత పొక్కులు, మధ్యాహ్నానికి అవన్నీ కలిసిపోయి రసి కారడం. సాయంత్రానికి ముఖం ఉబ్బి ఒక కన్ను మూసుకుపోయింది. మంటకు ఏడవాలనిపిస్తుంది. ఏడిస్తే ఏమైందని అడుగుతారు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని కూర్చున్నాను.

అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. అత్త పక్కనే కూర్చుంది. మెడకు ఏమైనా పూశారా అని డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ లేదన్నాను. తోడికోడలి సంగతి ఆమెకు తెలుసు కాబట్టి, ఇదీ ఆ వరసే కావచ్చు అని రోల్డుగోల్డు మానేయమంది. మాత్రలు, పూతమందు రాసిచ్చింది.

ఇంటికి వచ్చాక అత్త నువ్వులు నానబెట్టి, వెన్న వేసి మెత్తగా నూరింది. నన్ను ముందు కూర్చోబెట్టుకుని తన చేత్తోనే మెడకు పట్టించింది. నువ్వులు ఎందుకని నేను అడగలేదు. జీడికి విరుగుడు నువ్వులేనని మా జమ్మలమడుగులో కూడా అందరికీ తెలుసు.

"జీడి మచ్చ గుడ్డకైతే సినిగేదాకా పోదు. తోలుకైతే కొన్నాళ్ళకు పోతాదిలే," అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున చిన్నది స్నానం చేసి నా గదిలోకి వచ్చింది. దాని మెడలో గొలుసు లేదు, పసుపుతాడు ఉంది. గొలుసు దాని చేతిలో ఉంది.

"నీకు నాకంటే శానా ఎక్కువైంది గదక్కా. ఇది నువ్వేసుకో. నాకు దారమైనా సాలు," అంది.

వాకిట్లో నుంచి అత్త మమ్మల్నే చూస్తోంది. వద్దనాలి. వద్దనడానికి నోరు తెరిచాను కూడా. కానీ చేయి ముందుకు పోయింది.

గొలుసైతే నాదైంది. వేసుకుంటే ఎర్రగా కాల్చిన తీగ చుట్టినట్టు మంట. పచ్చిపుండు మీద బంగారమైతేనేం, ఇనుమైతేనేం? పది నిమిషాలు కూడా ఉంచుకోలేక తీసి బీరువాలో పెట్టాను. ఇంట్లో ఇద్దరు కోడళ్ళం పసుపుతాళ్ళతో తిరిగాం, గొలుసు చీకట్లో పడి ఉంది. పైగా ఆ పచ్చటి తాడు చిన్నదాని మెడకు ఎంత అందంగా ఉందో. దానికి కూడా కుళ్ళుకున్నాను.

మెడ మామూలు కావడానికి నెల పైనే పట్టింది. తర్వాత ఒకరోజు గొలుసు తీసి వేసుకుని వంటింట్లోకి పోయాను. అత్త కూరగాయలు తరుగుతూ తలెత్తి నా మెడ చూసింది. కోపం లేదు, వెటకారం లేదు. చూసి మళ్ళీ తలవంచుకుంది. ఆ మధ్యాహ్నమే గొలుసు తీసుకుపోయి చిన్నదానికి ఇచ్చాను. అది పుచ్చుకోదే. నీకు రోల్డుగోల్డు పడదు, ఇది నాకిస్తే నువ్వేం వేసుకుంటావు అని కూర్చుంది. ఎంతకీ మాట వినకపోయేసరికి, "నాకు బంగారం గూడా పడలేదు మే. ఏసుకుంటే మళ్ళీ దురద పెడ్తాంది," అనేశాను.

అది నమ్మింది. నమ్మి ఊరుకోలేదు, బంధువులందరికీ చెప్పింది. ఎంత జాలిగా చెప్పిందంటే, విన్నవాళ్ళకు కళ్ళు చెమర్చేవి. మా ఆయనకు మాత్రం పండగ. ఆ తర్వాత ఆయన నగల అంగడి మెట్టు ఎక్కిన పాపాన పోలేదు. పెళ్ళిళ్ళకు లాకరు తెరిచినప్పుడు నా నగలు ఉన్నచోటే ఉండేవి. నేను తిరిగి ఇచ్చిన గొలుసు వేసుకుని చిన్నది నా పక్కనే కూర్చునేది. ఎవరైనా సరదాకు నా మెడలో హారం పెట్టి చూడబోతే ఉలిక్కిపడి ఆపేది. చుట్టూ మెడల నిండా బంగారం, మధ్యలో నేను. వచ్చినవాళ్ళ నగలు ఒక్కొక్కటే చూస్తూ, లోపల్లోపల మాడిపోతూ, తొమ్మిదేళ్ళు గడిపాను.

ఈమధ్య అత్తకు ఒంట్లో బాగుండటం లేదు. ఒకరోజు మమ్మల్నిద్దరినీ ప్రొద్దుటూరులో ఎవరిదో నామకరణానికి బయలుదేరుతుండగా ఆపి, మంచం మీద ఒక గుడ్డమూట విప్పింది. అందులో ఆమె బంగారు గుండ్లదండ ఉంది.

"సిన్నదానికి అప్పుడే గొలుసు ఇస్తి. ఇది పెద్దదానికి," అంది. తర్వాత నా కళ్ళలోకి సూటిగా చూసింది. "నీకు పడ్తాదో పడదో నువ్వే సెప్పు మే."

నేను నోరు తెరవకముందే చిన్నది తన హ్యాండుబ్యాగు తెరిచి మాత్రల అట్ట ఒకటి తీసింది. అట్ట అంచులు నలిగిపోయి ఉన్నాయి. ముందు మాత్ర వేసుకుని ఆ తర్వాత పెట్టుకో అంది. ఏ పెళ్ళిలో ఎవరు నా మెడలో ఏం వేస్తారో అని, అన్నేళ్ళుగా ఎక్కడికి పోయినా నా కోసం ఆ మాత్రలు వెంట పెట్టుకుంటోందట. తేదీ దాటితే పారేసి కొత్తవి కొంటుందట. నాకు ఇది తెలియనే తెలియదు.

ఆ నలిగిన అట్ట చూశాక ఇంక అబద్ధం నోటికి రాలేదు.

"నాకు బంగారం పడ్తాది మే," అన్నాను. "ఆ పొద్దు నా మెడ కాలింది జీడితో. నేనే పూసుకుంటి. నీ మెడలో గొలుసు సూసి ఓర్సుకోలేక."

చిన్నది అత్త వైపు చూసింది. అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. చిన్నది ఏడుస్తుందేమో అనుకున్నాను, తిడుతుందేమో అనుకున్నాను. రెండింటికీ సిద్ధపడే ఉన్నాను. అది మాత్రల అట్ట బ్యాగులో పెట్టేసింది.

"అట్లయితే ఇన్నేండ్లు పెండ్లిండ్లకంతా ఉత్త మెడతో యెట్ల వస్తివక్కా?" అంది. "నేను పక్కనే ఇది ఏసుకొని కూసుంటి గదా."

నన్ను అటు తిప్పి, గుండ్లదండ వెనక కొక్కెం తనే పెట్టింది. అత్త గోడ వైపు నుంచి తిరగకుండానే, "సల్లగ ఉండాదా మే?" అని అడిగింది. ఉందత్తా అన్నాను. ఆ మాట కోసం, ఆ బరువు కోసం ఎన్నేళ్ళు పడిగాపులు కాశానో, రెండూ ఒకేసారి వచ్చాయి. నామకరణంలో అందరూ నా మెడే చూశారు. నేను మాత్రం పక్కన కూర్చున్న చిన్నదాన్నే చూస్తున్నాను. అంతా విన్నాక కూడా నా ఉత్త మెడ గురించి బాధపడే మనసు దేవుడు దానికెందుకు ఇచ్చాడు, నాకెందుకు ఇవ్వలేదు అని కుళ్ళుకుంటూ కూర్చున్నాను.