కత్తెర దాచిన ఆవిడ

టైలరుకు వచ్చింది బైపోలార్ జబ్బని డాక్టరు తేల్చిన రోజే ఆయన భార్య ఇంట్లో కత్తెరలన్నీ పోగేసింది. పెద్దది, చిన్నది, కాజాలు కోసేది, చివరికి గోళ్లు కత్తిరించుకునేది కూడా గుడ్డసంచిలో వేసి పక్కింటావిడకు ఇచ్చి వచ్చింది.

జబ్బు బయటపడ్డ తీరు అలాంటిది. మొదటి నెల ఆయన నిద్రపోకుండా నలభై కాలర్లు కుట్టాడు. చొక్కా ఒక్కటీ లేదు. రెండో నెలంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ నెలలో పట్టుకున్న భయాన్ని ఆవిడ పైకి అనలేదు, అంటే ఎక్కడ నిజమవుతుందోనని.

మందులు మొదలుపెట్టిన మూడు వారాలకు ఆయన లేచి ముందుగదిలో మిషన్ ముందు కూర్చున్నాడు. సుద్దతో గీత గీసేవాడు. ఆవిడ పక్కింటికి పరుగెత్తి కత్తెర తెచ్చి, తనే కత్తిరించి, మళ్లీ ఇచ్చి వచ్చేది. రోజుకు పదిసార్లు.

"గీత మీద కత్తిరించమంటే గీతకు చుట్టపుచూపుగా వెళ్లొస్తావేం?"

"మీ గీతే వంకర."

"ముప్పై ఏళ్లలో ఆ మాట అన్నది నువ్వొక్కదానివే."

"ముప్పై ఏళ్లూ నోరు మూసుకున్నాను కాబట్టి."

సాయంత్రం కాపలా ఆవిడ తమ్ముడిది. డాబా తలుపు తాళం లాగి చూసి, బావ పక్కన కూర్చుని సిగరెట్టు వెలిగించి ఇచ్చేవాడు. "కాల్చు బావా, మనసు కుదుటపడుతుంది." రోజుకు పెట్టెన్నర చొప్పున కుదుటపడుతోంది.

నెల తిరిగాక ముగ్గురూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి కత్తెరల సంగతి, కాపలా సంగతి చెప్పారు. డాక్టరమ్మ టైలరు రక్తపోటు చూసి, "చాలా ఎక్కువుంది. సిగరెట్లు ఎన్ని?" అంది.

టైలరు బావమరిదిని చూశాడు. బావమరిది ఫ్యానును చూశాడు.

"ఈ జబ్బున్నవాళ్లను గుండెజబ్బు కూడా తొందరగా తీసుకుపోతుంది. వీధి తలుపుకు తాళమేసి పెరటి తలుపు బార్లా తీశారు మీరు."

"కత్తెరలు దాచడం తప్పా అమ్మా?" అంది భార్య.

"తప్పేం కాదు. ఇంకొన్నాళ్లు మీ చేతిలోనే ఉండనీండి, పనివేళ దగ్గరుండి ఇవ్వండి." తర్వాత డాక్టరమ్మ టైలరు వైపు తిరిగి, ఆకలేస్తోందా అని అడిగినంత మామూలుగా, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అంది.

భార్య కుర్చీలోంచి సగం లేచింది. ఇలా మొహం మీదే అడగొచ్చా?

"రెండుసార్లు," అన్నాడు టైలరు. "ఇప్పుడు లేదు." చొక్కా గుండీ సర్దుకుని, "ఇంతవరకూ ఎవరూ అడగలేదు," అన్నాడు.

మర్నాడు పొద్దున మాత్ర, మంచినీళ్లు అందించి ఆవిడ అక్కడే నిలబడింది.

"ఏవండీ... అలాంటిదేమన్నా అనిపిస్తోందా ఇవాళ?"

ఆయన మాత్ర మింగాడు. "లేదు. సిగరెట్టు కాల్చాలనిపిస్తోంది."

"మా తమ్ముణ్ణి అడగండి."

"నిన్నటినుంచి ఫోనెత్తడం లేదు వాడు."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే, "అనిపిస్తే నాకు చెప్తారా?" అంది.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "చెప్తాను. కానీ నువ్వు అడుగుతూ ఉండు. నాకై నేను మొదలుపెట్టడం కష్టం."

ఆవిడ మర్నాడూ అడిగింది.