మెట్లు లేని చర్చి

నలభై ఏళ్లు తాపీ పని చేసి, అరవై దాటాక వీడియోలు చూసి కంప్యూటర్‌లో కట్టడాల బొమ్మలు గీయడం నేర్చుకున్నాను. రెండేళ్ల క్రితం కృష్ణపట్నం దగ్గర మా ఊరి చర్చిని తిరిగి కట్టాలనుకున్నప్పుడు త్రీడీ బొమ్మ నేనే చేసిచ్చాను. ఇంజనీరు దాన్ని తన ప్లాన్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకుని, ఆదివారం ఆరాధన అయ్యాక ప్రింట్లు అందరి ముందూ పరిచాడు. గోడలు, కిటికీలు, సిలువ అన్నీ వచ్చాయి. చర్చిని ఎత్తులో నిలపడానికి నేను వేసిన నాలుగడుగుల బేస్‌మట్టం, దాని మీదికెక్కే మెట్లు మాత్రం లేవు. చర్చి నేల రోడ్డుకు సమానంగా ఉంది.

"మెట్లేవి సార్?" అన్నాను.

"నువ్వు గీసుంటే కదా తాతా వచ్చేది. వయసైపోయింది, మరిచిపోయినావు" అన్నాడు. అందరూ నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. అతన్ని పాత చర్చి గోడ దగ్గరికి తీసుకెళ్లాను. నా చిన్నప్పటి తుఫానులో నీళ్లు నిలిచిన ఎత్తున మా నాయన మేకుతో గీసిన గీత అక్కడుంది. అది అతని నడుము దాకా వచ్చింది.

"దీన్ని కూడా మరిచిపోయినానా సార్?" అన్నాను. అక్కణ్ణుంచి అతన్ని మా ఇంటికి తీసుకెళ్లాను.

నా కంప్యూటర్‌లో ఫైలు తెరిచి చూపిస్తే బేస్‌మట్టం, మెట్లు రెండూ ఉన్నాయి. గోడలకూ కిటికీలకూ పెట్టినట్టు వాటికి నేను ఫైల్లో విడిగా పేర్లు పెట్టలేదట. పేరు లేనివాటిని అతని సాఫ్ట్‌వేర్ వదిలేసిందట. ఆ తప్పు నాదేనని అక్కడే ఒప్పుకున్నాను. ఇప్పుడు చర్చి నాలుగడుగుల బేస్‌మట్టం మీద నిలబడింది. వయసైపోయి మరిచిపోయినావని నన్నన్న మాటను మాత్రం అతను ఇంకా వెనక్కి తీసుకోలేదు.