వైన్ లేని కూర

పెళ్లయిన కొత్తలో, నాందేడ్‌లోని అత్తగారింట్లో ఫోన్ చూసి పుట్టగొడుగుల కూర వండాను. ఆ వీడియోలో కూరలో వైన్ పోయమన్నారు. మామయ్య తాగుడు మానేసి ఏడాదే అయింది. అందుకే వైన్‌కు బదులు ద్రాక్షరసంలో కాస్త వెనిగర్ కలిపి పోశాను.

మొదటి ముద్దకే మామయ్య చెయ్యి ఆగిపోయింది. అది చూసి అత్తయ్య ముఖం పాలిపోయింది.

"నిజం చెప్పు బిడ్డా, గిండ్ల మందు పోసినవా?" అన్నారు మామయ్య.

"లేదు మామయ్యా, ద్రాక్షరసమే," అంటూ రెండు సీసాలూ తెచ్చి ఆయన ముందు పెట్టాను.

ఆయన మూతలు తీసి వాసన చూశారు.

"నీ తప్పేం లేదు. నాకే గా రుచి ఇంకా యాదికున్నది. గందుకే భయమైంది. పప్పు ఉంటే వెయ్యి," అని కూర పక్కకు జరిపారు.

మామయ్య తాగుడును రోజూ కొత్తగా మానేస్తున్నారని నాకు ఆ పూటే తెలిసింది.