హోదా గడిలో పడ్డ పేరు

2019 జూలై 8, సోమవారం పొద్దున తొమ్మిది గంటల పది నిమిషాలకు సైన్యం నుంచి రిటైరైన ఒకాయన ఇచ్చోడలోని మా ఇంటికి వచ్చి, సైన్యం ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం నా ముందు పెట్టారు. బడి నుంచి రిటైరయ్యాక నేను ఊరివాళ్లకు దరఖాస్తులు రాసిపెట్టేదాన్ని.

ఆయనది లంబాడీ తండా, పేరు చివర నాయక్ ఉంది. సైన్యంలోనేమో నాయక్ అంటే హవల్దారు కంటే ఒక మెట్టు కింది హోదా. ఎవరో గుమాస్తా పేరులోని నాయక్‌ను తీసి హోదా గడిలో రాశాడు. హవల్దారు అన్న మాటే లేకుండా పోయింది.

"నాయక్ మా బాపు ఇచ్చిండు టీచరమ్మా. హవల్దార్ నేను తెచ్చుకున్న," అంటూ హవల్దారుకు మూడు పట్టీలు ఉండేచోట, చొక్కా చేతి మీద మూడు వేళ్లు ఆనించారు. ఆ మాట అన్న ప్రతిసారీ అలాగే ఆనించేవారు.

నేను రాసిన దరఖాస్తు పట్టుకుని వెళ్తే, ఆదిలాబాదు సైనిక సంక్షేమ ఆఫీసులో గుమాస్తా నవ్వాడు. "నాయక్ అని ఉన్నది గద తాతా, ఇంకేం గావాలె?"

"అది నా పేరు బిడ్డా. నీ నౌకరీ ఏందంటే నీ పేరే రాస్తే ఊకుంటవా?"

2024 అక్టోబరులో సవరణ వచ్చింది. హోదా గడిలో హవల్దార్ అని ఉంది. పేరు గడిలోకి మాత్రం నాయక్ తిరిగి రాలేదు. నేను మళ్లీ కాగితం, కలం తీశాను.

"వద్దు టీచరమ్మా. తండల నన్ను నాయక్ అననోడు లేడు. ఇంకో అయిదేండ్లు నా తాన లేవు."

అయిదేళ్ల మూడు నెలలు పోయాయి. ఆదిలాబాదు బస్సుల్లో పంతొమ్మిది రోజులు పోయాయి. తండ్రి ఇచ్చిన పేరులో ఒక మాట పోయింది.