తలుపు లేని నాటకం

మా తెలుగు మేస్టారు పోయారన్న కబురు నాన్నే డ్యూటీ నుంచి వస్తూ తెచ్చారు. చెప్పి, చొక్కా విప్పకుండా మంచం అంచున కూర్చున్నారు. అమ్మ పొయ్యి తగ్గించింది. ఉన్నది ఒకే గది కాబట్టి అందరం ఒకేసారి విన్నాం. ముఖం దాచుకోవడానికి ఎవరికీ చోటు లేకపోయింది.

ఖిదిర్‌పూర్ ఓడల డాకులో పనిచేసే శ్రీకాకుళం వాళ్ల పిల్లలకు ఆయన ఆదివారాలు యూనియన్ ఆఫీసు వరండాలో తెలుగు చెప్పేవారు. కాన్వెంటు చదువు వల్ల నేను తెలుగు కూడబలుక్కుని చదివేదాన్ని. ఎవరు ఏ కథ మొదలుపెట్టినా ఆయన ఆపేవారు. “ముందు చోటు చెప్పు. తలుపెటుంది? వెలుతురెటు నుంచొస్తంది?” టీ అయిపోయిన మట్టి కప్పును పాఠం ముగిసేదాకా చేతిలో తిప్పుతూనే ఉండేవారు.

ఏటా దసరా పూజల తరువాత మా క్వార్టర్స్‌లో తెలుగు నాటకం వేసేవాళ్లం. నేను పన్నెండో తరగతిలో ఉండగా రాసే పని నాకిచ్చారు. చదువు మానమన్న తండ్రి, ఒప్పుకోని కూతురు. ‘ఆమె ఏడుస్తూ తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది’ అని రాశాను.

“ఏ గదమ్మా?” అన్నారు మేస్టారు.

“కాన్వెంటు పిల్ల కదా మేస్టారూ, మేడ కట్టించీసింది” అంది వెనక కూర్చున్న అమ్మాయి. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

“కోపమొస్తే మీ ఇంట్లో నువ్వేటి చేస్తావు?”

“గోడకేసి తిరిగి కూర్చుంటాను.”

“మీ నాన్న?”

“మెట్ల మీదికి పోతారు.”

“అదే రాయి. పోడానికి చోటు లేనోళ్లు మాట మింగుతారు. నాటకం అక్కడుంటాది.”

పరీక్షలయ్యాక నాన్న నిజంగానే చదువు ఇక చాలన్నారు. నాయనమ్మ అదే మాట రోజూ అనేది. నేను గోడకేసి తిరిగి కూర్చున్నాను. ఒక సాయంత్రం మేస్టారు వచ్చారు. టీ తాగి, వానల గురించి మాట్లాడారు. కాలేజీ ఊసే ఎత్తలేదు. లేస్తూ, “వంతెన దాకా నడుద్దాం రండి” అన్నారు నాన్నతో. నన్నూ రమ్మన్నారు.

నాన్న చెప్పులు వేసుకుంటుండగా మెట్ల దగ్గర అడిగాను. “ఇంట్లో ఎందుకు సెప్పలేదు మేస్టారూ?”

“ఆ గదిలో మీ నాయనమ్మ వింటాది. గోడవతలోళ్లు వింటారు. ఒకసారి కాదన్నాక మీ నాన్న ఆ మాట వెనక్కి తీసుకోడానికి అక్కడ చోటేదమ్మా?”

మేం వెళ్లేసరికి ఓడ కోసం వంతెన పైకి లేపేశారు. ముందు నీళ్లు, వెనక బస్సులు, తోపుడు బళ్లు. అప్పుడు చెప్పారు మేస్టారు, నన్ను కాలేజీకి పంపమని.

“ఆడపిల్ల రోజూ అంత దూరం బస్సులో ఏటెల్తాది మేస్టారూ?” అన్నారు నాన్న.

నాన్న వెనక్కి చూశారు. దారి లేదు.

“మా అమ్మకేటి సెప్పను?”

“నేను పంపమన్నానని సెప్పండి.”

నాన్న, నా వైపు చూడకుండా, “సరే, ఎల్లమనండి” అన్నారు.

ఓడ ఇంకా సగమే దాటింది. కదలడానికి వీల్లేక, ముగ్గురం నిలబడి ఉన్నాం. పైన ఓడ డెక్కు మీద ఎవరో ఒకతను ఆరిన బట్టలు ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకుంటున్నాడు.