పంతులుగారింట్లో చేపలు

పరిశోధన చేసేవాళ్లంటే తెల్లకోట్లు వేసుకుని చల్లటి గదుల్లో ఉంటారని మా చుట్టాలంతా నమ్మే కాలం అది. నేను మాత్రం టెక్కలిలో ఒక పురోహితుడి పెరటిగదిలో రెండు ప్లాస్టిక్ తొట్లకి కాపలా కాస్తూ ఉండేదాన్ని. నీళ్లలో గాలి తగ్గితే చేప ఎంత అవస్థ పడుతుందన్నది నా పీహెచ్‌డీ. సోంపేట బీల మడుగుల్లో పట్టిన చేపపిల్లల్ని క్యానులో పోసి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. (పక్కసీటామె పాలనుకుని, అమ్ముతావా అని అడిగింది.)

గది అద్దెకిచ్చేటప్పుడు పంతులుగారు పెట్టిన షరతు ఒక్కటే: "మా ఇంట్లో చేప ఉడక్కూడదమ్మా." "ఉడకదండి, ఈదుతుందంతే," అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, శాస్త్రాల్లో ఈతకి నిషేధం కనబడలేదు కాబోలు, సరే అన్నారు. ఆయన భార్య మామ్మగారు మాత్రం ఆ గది గడప తొక్కనని తేల్చి చెప్పేశారు. నాకు పెట్టే కూర గిన్నె కూడా గుమ్మం అవతలనుంచే అందించేవారు.

ఒక తొట్టికి మోటారుతో గాలి బాగా కొట్టించేదాన్ని, రెండోదానికి కావాలనే తగ్గించేదాన్ని. రెండింటికీ తేడా చూడాలి. అంతకుముందే ఒకసారి చేపలన్నీ చచ్చి పని మూలపడింది. "ఈసారి కూడా చస్తే వేరే పని చూసుకోమ్మా," అని మా గైడుగారు ఫోనులో చెప్పేశారు. తీరా పని ముగింపుకొచ్చేసరికి, మండువేసవిలో, పొద్దున్నే కరెంటు పోయింది. మోటార్లు ఆగాయి. కాసేపటికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. నేనూ తెరిచాను.

నేను పెట్టిన కేకకి పంతులుగారు పట్టుపంచెతోనే పరిగెత్తుకొచ్చారు. (పలాస దగ్గర గృహప్రవేశం చేయించడానికి బయల్దేరుతున్నారు.) "నీళ్లు పైనుంచి పొయ్యాలండి, గాలి కలుస్తుంది," అని నేను చెంబెత్తితే, కంగారులో సగం నీళ్లు నేలపాలయ్యాయి. ఆయన చెంబు లాక్కుని, తొట్టిలో నీళ్లే ముంచి, ఎత్తునుంచి సన్నటి ధారగా పొయ్యడం మొదలెట్టారు. జీవితమంతా శివుడికి పోసిన చెయ్యి, ధార తెగలేదు. నోరు ఊరుకోక రుద్రం కూడా అందుకున్నారు. "రెండోదానికి కొంచెమే పొయ్యండి, దానికి గాలి తక్కువుండాలి!" అన్నాను. "పంక్తిభేదం పనికిరాదమ్మా," అని దానికీ సమానంగా పోసేశారు. చేపలు తేరుకుంటున్నాయి, నా ప్రయోగం మాత్రం నీళ్లపాలైంది.

ఇంతలో గృహప్రవేశం చేసుకునే జీడితోట రైతు స్కూటరు మీద వచ్చాడు. "ఏటి పంతులుగారూ, ఇంకా బయల్దేరనేదేటి? ముహూర్తం దాటిపోతాది!"

"ఆగవయ్యా, ఇక్కడ ప్రాణాలు పోతున్నాయి."

"ఓరి నాయనో, ఎవులివి?" అంటూ రైతు చెప్పులు విడిచి భయంభయంగా లోపలికి తొంగిచూశాడు. "సేపలకి అభిషేకమేటి బాబూ! రండి, పిలిసినోలంతా ఎండలో నిలబడిపోనారు." పంతులుగారు చెంబు వదలరు, రైతు పంతులుగార్ని వదలడు. అప్పుడు మామ్మగారు కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, గడప దాటి లోపలికొచ్చారు. "ఇలా ఇవ్వండి. వాళ్ల ముహూర్తమూ పోగొట్టొద్దు, వీటి ప్రాణమూ పోగొట్టొద్దు," అని చెంబందుకున్నారు. ఒక చేత్తో కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మరీ పోశారు. ఇద్దరం వంతులేసుకుని మధ్యాహ్నం దాకా పోశాం. కరెంటొచ్చి మోటార్లు బుడబుడమన్నాక తడినేల మీదే కూలబడ్డాం. ఒక్క చేప కూడా చావలేదు. సాయంత్రం పంతులుగారు గేటు దగ్గర్నుంచే అరిచారు: "వాళ్లెలా ఉన్నారమ్మా?"

మర్నాడు ఎస్టీడీ బూత్‌కి వెళ్లి గైడుగారికి జరిగిందంతా చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు:

"చేపలు బతికున్నాయి కదా?"

"ఉన్నాయి సార్."

"అయితే కొన్నాళ్లు వాటిని తేరుకోనిచ్చి మళ్లీ మొదలెట్టు. ఆ పంతులుగారికి నా నమస్కారాలు చెప్పు."

ఫోను పెట్టేసి, బూత్ అద్దాల తలుపు పట్టుకుని భోరుమన్నాను. బూత్ ఆయన కంగారుగా కుర్చీ లాగాడు. "ఎవులైనా పోనారేటమ్మా?"

"లేదండీ, అందరూ బతికే ఉన్నారు," అని ఇంకా గట్టిగా ఏడ్చాను.

ఇప్పుడు మా ల్యాబులో కరెంటు పోతే జనరేటరు దానంతటదే అందుకుంటుంది. నేను చేతిలో టీ కప్పు కూడా కింద పెట్టను. గుప్పెడు చేపపిల్లలు బతికాయని నడిబజార్లో వెక్కివెక్కి ఏడ్చిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. నవ్వాక, దాని మీద కాస్త అసూయ కూడా వేస్తుంది.