బిషాన్ భోజనాల్లో ఇంటిపేరు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజుల్లో, సింగపూర్‌కి కొత్తగా వచ్చిన మాబోటి వాళ్లకు ఆదివారం భోజనం బిషాన్‌లో ఒక అంకుల్ ఇంట్లో. శనివారమే ఫోన్ చేసి పిలిచేవారు. పప్పూ గోంగూరా మనసారా పెట్టేవారు. ఒక్కటే చిక్కు. ఎదుట కూర్చున్నవాడి ఇంటిపేరూ సొంత ఊరూ అడిగి చుట్టరికం కలిపేదాకా ఆయనకు ముద్ద దిగదు. ఆ రెండూ చెబితే నా కులం తెలిసిపోతుంది. అందుకని మంచినీళ్ల వంకతో వంటగదిలోకి జారుకునేవాణ్ణి. గోంగూర వదులుకోవడం నావల్ల కాలేదు మరి.

ఒక ఆదివారం మా ఆఫీసులో పనిచేసే నల్లజాతి అమెరికన్‌ను వెంట తీసుకెళ్లాను. అంకుల్ ఆయన్నీ వదల్లేదు, ఇంటిపేరు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగారు. సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన అంకుల్ వాళ్లమ్మాయి "డాడీ, డోంట్ ఆస్క్ లా" అని అక్కడి యాసలో గొణిగింది. ఆ అమెరికన్ అన్నం కలుపుకుంటూనే, అది తమ పేరు కాదనీ, తమవాళ్లను కొనుక్కున్న దొరదనీ చెప్పాడు. ఆఫ్రికాలో ఏ ఊరో తెలియదట. ఓడ ఎక్కించినవాళ్లు ఊరు అడగలేదట.

ఆ చరిత్ర నేను కొంత చదివిందే. అంత మాట తల దించుకోకుండా, భోజనం మధ్యలో ఎలా చెప్పగలిగాడన్నదే నాకు అంతుపట్టలేదు. నిజం చెప్పొద్దూ, అసూయ వేసింది. అలాంటి పేరు ఇంకా ఎందుకు ఉంచుకున్నారని అడిగేశాను.

"మా తాత వాళ్ల నాయనమ్మకు ఒక చెల్లెలుండేది. చిన్నప్పుడే వేరే దొరకు అమ్మేశారు. బానిసత్వం నుంచి విడుదలయ్యాక ఆ పిల్ల వెతుక్కుంటూ వస్తే, ఈ పేరుతోనేగా వెతకాలి" అన్నాడు.

వచ్చిందా అన్నాను. రాలేదన్నాడు.

ఆంటీ కళ్లు తుడుచుకుని ఆయనకు మరో గరిటె వడ్డించింది. మాట మార్చడానికన్నట్టు అంకుల్ నావైపు తిరిగారు. "అవునయ్యా, ఇన్ని సండేలు వచ్చావు, నీ ఇంటిపేరే చెప్పలా. ఏ ఊరు మీది?"

ఆ పూట లేవాలనిపించలేదు. ఇంటిపేరు, ఊరు, ఊరి బయట మా మాలపల్లె, అన్నీ చెప్పాను. అంకుల్ ఓహో అని మజ్జిగ అందుకున్నారు. నాకు మాత్రం నెత్తిమీది బస్తా దించినంత హాయిగా ఉంది.

ఆ తర్వాతి శనివారం ఫోన్ రాలేదు. వాళ్లు ఊళ్లో లేరేమో అనుకున్నాను. సోమవారం ఆఫీసులో ఆ అమెరికన్ నా సీటు దగ్గరకొచ్చి, నిన్న అంకుల్ ఇంటికి నువ్వెందుకు రాలేదని అడిగాడు.